బందరు లడ్డు, దివిసీమ గిన్నె

ప్రయాణం కట్టేవాళ్ళు మామూలుగా పులిహోరో, చేగోడీలో డబ్బాలో సర్దుకుంటారు. మొన్న కార్తీకమాసంలో నేను బెజవాడలో బందరు రైలెక్కినప్పుడు నా సంచీలో ఉన్నవి వేరు: డాక్టరుగారి కాగితాల కట్ట, తిన్నదల్లా రాసుకునే నోటుపుస్తకం, మూడు రంగు బంతులున్న ఒక ప్లాస్టిక్ పరికరం. దాని గొట్టం నోట్లో పెట్టుకుని గాలి పీలిస్తే బంతులు పైకి లేస్తాయి. ఊపిరితిత్తులకు సాము అన్నమాట. ఎదుటి బల్ల మీది పిల్లవాడు అది ఆటవస్తువనుకుని తనకిమ్మని ఒకటే పేచీ. "అత్తయ్యగారి మందది నాయనా" అని వాళ్ళమ్మ సర్దిచెప్పింది.

ఇంతకీ సంగతి దాచడమెందుకు? నాకు నలభై ఏడేళ్ళు. బెజవాడలో తెలుగు పంతులమ్మను. ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు 106 కిలోలు. పిల్లలు నాకు పెట్టిన పేరు నాకు తెలుసు గాని, ఇక్కడ చెప్పను. చక్కెర జబ్బుకు పూటకు రెండు మాత్రలు, రక్తపోటుకు ఒకటి. మెట్లెక్కితే మోకాళ్ళు మొరాయిస్తాయి. రాత్రి గురకపెడుతూ పెడుతూ ఉన్నట్టుండి ఊపిరి ఆగిపోతుందట. ఆ నిశ్శబ్దానికి మావారు ఉలిక్కిపడి లేచి నన్ను తట్టిలేపుతారు. పదేళ్ళుగా ఆయనకు కంటినిండా నిద్ర లేదు.

ఈ సంక్రాంతి వెళ్ళాక నా కడుపును కోసి చిన్నది చేస్తారు.

ఇది నిన్నమొన్నటి వింత కాదు. లావు తగ్గించడానికి కడుపులో కొంతభాగానికి ఆహారం పోకుండా దారి మళ్ళించే ఆపరేషనును 1966లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్ అనే సర్జను మొదలుపెట్టాడు. ఇప్పుడు పొట్ట నిలువునా చీల్చనక్కరలేదు. నాలుగైదు చిన్న రంధ్రాలతో పని జరుగుతుంది. ఎవరికి చెయ్యాలన్నదానికి ఒక లెక్క ఉంది. కిలోల బరువును మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకెను బి.ఎం.ఐ. అంటారు. ఆ అంకె 40 దాటితేనే, తీవ్రమైన జబ్బులుంటే 35 దాటినా, అని 1991లో అమెరికా నిపుణులు గీత గీశారు. 2022లో సర్జన్ల అంతర్జాతీయ సంఘాలు దాన్ని 35కు దించాయి. మధుమేహముంటే 30 చాలన్నాయి. మన ఆసియావాళ్ళకు కొవ్వు పొట్టచుట్టూ చేరి తక్కువ బరువుకే జబ్బు తెస్తుంది కనుక మనకు గీత ఇంకా కిందికే. నాది 41 దాటింది. ఏ గీత దగ్గర నిలబడి చూసినా నేను అవతలి గట్టునే ఉన్నాను.

పరీక్షలన్నీ అయ్యాయి. గొట్టం వేసి కడుపులోకి చూశారు. రాత్రంతా తీగలు తగిలించి నిద్రను కొలిచారు. గుండె, కాలేయం, థైరాయిడు, అన్నీ చూశారు. చివరికి మనసు సంగతి కనుక్కునే ఆవిడ దగ్గరికి పంపారు. చిన్నపిల్ల. మా బళ్ళో చదువుకున్న పిల్లలా ఉంది. "మీ వాళ్ళకు చెప్పారా అమ్మా?" అంది. మావారికి తెలుసునన్నాను. "ఆయన కాదు. మీకు వడ్డించేవాళ్ళకు. తినమని బలవంతపెట్టేవాళ్ళకు. వాళ్ళకు తెలియకపోతే ఆపరేషనయ్యాక మీరు నిలదొక్కుకోవడం కష్టం" అంది.

నాకు వడ్డించేవాళ్ళు మూడు ఊళ్ళలో ఉన్నారు. గుడివాడలో ఆడపడుచు, బందరులో వదిన, దివిసీమలో పిన్ని. అందుకే ఈ ప్రయాణం.

రైలు బెజవాడ దాటితే ఎటు చూసినా వరిచేలే. ఆ రోజుల్లో వెన్నులు వంగి, చేలన్నీ పసుపు తిరుగుతున్నాయి. ఈ నేల ఎప్పుడూ ఇలా లేదు. 1832, 33లలో గుంటూరు, బందరు ప్రాంతాల్లో వచ్చిన కరువులో మనుషులు డొక్కలు బయటపడి చనిపోయారు. దానికి డొక్కల కరువనే పేరు ఈనాటికీ నిలిచిపోయింది. ఆ తరవాతే 1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తయింది. దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చింది. కాలవలు పారాయి, గాదెలు నిండాయి. అయినా విస్తట్లో మరో చట్టి అన్నం బోర్లించందే మనవాళ్ళకు మర్యాద చేసినట్టుండదు. డొక్కల భయం ఇంకా మన వడ్డనలో ఉంది కాబోలు.

గుడివాడ మూడువైపుల రైళ్ళు కలిసే కూడలి. పాత బౌద్ధస్తూపం దిబ్బ ఉన్న ఊరు, పక్కనే చౌటపల్లి ఘంటసాల వెంకటేశ్వరరావుగారు పుట్టిన ఊరు, ఇలా చెప్పుకోవలసినవి చాలా ఉన్నాయి. నాకు మాత్రం గుడివాడంటే నా చిన్నతనాన ప్లాట్‌ఫారం మీద ఉన్న తూకం యంత్రమే గుర్తు. నాణెం వేస్తే ఒకపక్క బరువూ, ఒకపక్క జాతకమూ అచ్చువేసిన అట్టముక్క పడేది. నాన్న ఎప్పుడూ జాతకంవైపే చదివేవారు. బరువువైపు తిప్పేవారు కారు.

మా ఆడపడుచు తోటికోడలు నాలుగేళ్ళ కిందట ఇదే ఆపరేషను చేయించుకుంది. నా అసలు పని ఆవిడతోనే. కాఫీ తాగుతూ దాపరికం లేకుండా చెప్పింది.

"మొదటి ఏడు ముప్ఫై కిలోలు తగ్గాను వదినగారూ. ఊరంతా నన్ను చూడ్డానికి వచ్చారు. మూడో నెలలో జుట్టు గుప్పెళ్ళతో ఊడింది, మళ్ళీ వచ్చిందనుకోండి. రెండో ఏట విటమిను మాత్రలు మానేశాను. బాగానే ఉన్నానుగదా అనుకున్నాను. అరికాళ్ళు తిమ్మిర్లెక్కాక డాక్టరు కేకలేశాడు. బి12, ఇనుము, కాల్షియం, ఇవి బతికినంతకాలమూ చూసుకోవాలి. ఇంకోటి చెబుతాను. అన్నం పట్టదు గాని ఐస్‌క్రీము జారిపోతుంది. జున్ను జారిపోతుంది. పది కిలోలు అట్లా తిరిగొచ్చాయి. ఆపరేషను పొట్టకే చేస్తారండీ, నాలిక్కి చెయ్యరు!"

"అయితే చేయించుకోవద్దంటారా?"

"అయ్యో, అదేం మాట! చక్కెర మాత్ర వేసుకుని మూడేళ్ళయింది. మొన్న మనవణ్ణి ఎత్తుకుని మేడెక్కాను. చేయించుకోండి. తెలిసి చేయించుకోండి."

ఆ మాటలు నోటుపుస్తకంలో రాసుకున్నాను.

గుడ్లవల్లేరు, కవుతరం, అద్దకం బట్టల పెడన, రోల్డుగోల్డు నగల చిలకలపూడి దాటి రైలు బందరు చేరింది. నేను పుట్టిన ఊరు. ఒకప్పుడు విదేశీ ఓడలు లంగరేసిన రేవు. 1864 ఉప్పెనలో ముప్ఫైవేల ప్రాణాలు పోగొట్టుకున్న ఊరు. 1923లో పట్టాభి సీతారామయ్యగారు ఆంధ్రాబ్యాంకు పెట్టిందీ ఇక్కడే. ఆ బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది గాని, బందరువాళ్ళు దానిమీద హక్కు వదులుకోలేదు! పట్టాభిగారు వృత్తిరీత్యా వైద్యులు. ఆయన ప్రాక్టీసు చేసిన ఊళ్ళో 2023లో ప్రభుత్వ వైద్యకళాశాల వచ్చింది.

ఇవన్నీ ఒక ఎత్తు, లడ్డు ఒక ఎత్తు. శనగపిండితో పూస వండి, దాన్ని దంచి జల్లించి, బెల్లప్పాకం పట్టి, నెయ్యి పోస్తూ రోట్లో మళ్ళీ తొక్కుతారు. అందుకే దానిపేరు తొక్కుడు లడ్డు. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నేను గుమ్మంలో అడుగుపెట్టేసరికి వదిన పళ్ళెంలో నాలుగు పెట్టింది. విషయం విన్నాక పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

అన్నయ్య మాత్రం గయ్యిమన్నాడు. "ఒళ్ళు తగ్గడానికి కత్తెందుకే? నోరు కట్టుకో, నాలుగడుగులు నడు. అదీ చాతకాకపోతే వారానికోసారి పొడుచుకునే ఇంజెక్షన్లు వచ్చాయటగా?"

అతని తప్పేమీ లేదు. అందరూ అనేది అదే. "నోరు కట్టుకోకనా అన్నయ్యా? ఇరవై ఏళ్ళుగా కార్తీక సోమవారాలు చేస్తున్నాను. నక్షత్రం కనపడగానే పగటి బాకీ వడ్డీతో తీర్చేదాన్ని. రాగిజావతో పదకొండు కిలోలు తగ్గి పద్నాలుగు పెరిగాను. పదిరోజుల్లో పదికిలోలన్నవాడికి పదివేలు సమర్పించుకున్నాను. బరువు తగ్గినకొద్దీ ఒళ్ళు ఆకలిని పెంచుతుందట. ఆకలి పుట్టించే రసం ఎక్కువగా ఊరేది కడుపు పైభాగంలో. ఆ భాగాన్నే తీసేస్తారు. ఇంజెక్షన్ల సంగతీ డాక్టరు చెప్పారు. మంచివే, 2025లో మన దేశానికీ వచ్చాయి. కాని మానేస్తే చాలామందికి బరువు తిరిగొస్తుందట. నా బరువుకూ, చక్కెరకూ ఆపరేషనే మేలన్నారు."

"ప్రాణంమీదికొస్తే?"

"వెయ్యిమందిలో ఒకరిద్దరికి రావచ్చు. కుట్టు కారవచ్చు, కాళ్ళలో రక్తం గడ్డకట్టవచ్చు. అన్నీ చదివే సంతకం పెడుతున్నాను." ఒక్క క్షణం ఆగి అన్నాను: "నాన్నకు యాభైమూడేళ్ళు, అన్నయ్యా. ఆయనా గురకపెట్టేవారు."

అన్నయ్య మరి మాట్లాడలేదు. వదిన మూడు లడ్లు డబ్బాలో పెట్టేసి, ఒకటి సగానికి విరిచి నా చేతిలో పెట్టింది. "ఇది రాసుకో నీ పుస్తకంలో" అంది. రాసుకున్నాను: బందరు, అర లడ్డు.

మర్నాడు చల్లపల్లి, మోపిదేవి మీదుగా బస్సు. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండుగా చీలుతుంది. ఆ పాయల మధ్యా, సముద్రానికీ మధ్య ఉన్న లంకే దివిసీమ. అవనిగడ్డ దాటి కోడూరు వైపు పోతుంటే గాలిలో ఉప్పు వాసన మొదలవుతుంది. అక్కడికి దగ్గరలోనే పిన్ని ఇల్లు. డెబ్బై దాటింది. ఇప్పటికీ తెల్లవారుజామునే లేచి ముగ్గు వేస్తుంది.

పిన్నికి చెప్పడానికే నాకు భయం. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో ఈ సీమలో పదివేలమందికి పైగా కొట్టుకుపోయారు. ఆ రాత్రి పిన్ని ఎనిమిదినెలల పిల్లవాణ్ణి గుడ్డతో పొట్టకు కట్టుకుని ఊళ్ళో ఉన్న ఒక్క డాబా ఎక్కింది. అత్తగారూ, నాలుగు గేదెలూ, ఇల్లూ పోయాయి. అప్పటినుంచి ఆవిడ ఇంటికి ఎవరొచ్చినా ముందు "అన్నం తిన్నావా?" అంటుంది. తరవాతే "ఎవరు నువ్వు?"

చెప్పాను. చాట పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది.

"ఏమే, అన్నం దొరక్క జనం అల్లాడిన ఊళ్ళో కూచుని, అన్నం ఎక్కువై పొట్ట కోయించుకుంటానని చెబుతున్నావా?"

నాకు నోట మాట రాలేదు. నా దగ్గరున్న లెక్కలన్నీ ఆ మాట ముందు దిగదుడుపే అయిపోయాయి. ఏడుపొచ్చింది. ఊపిరి ఆగే రాత్రుల సంగతి మాత్రం చెప్పాను. "నాకు చావాలని లేదు పిన్నీ" అన్నాను.

చాలాసేపు మాట్లాడలేదు. తరవాత అడగడం మొదలెట్టింది. ఆపరేషనయ్యాక ఏం పెడతారు? మొదట నీళ్ళు, పల్చటి ద్రవాలు, చిన్న కప్పుతో గుటక గుటకా. తరవాత మెత్తగా రుబ్బినవి. ఆ తరవాత పప్పూ, గుడ్డూ, మెత్తని అన్నం. నెలా రెండునెలలకు మామూలు తిండి, పిడికెడు. అన్నంలో నీళ్ళు తాగకూడదు. నమిలి నమిలి మింగాలి. ఆపరేషనుకు ముందు రెండువారాలు కూడా కాలేయం చిక్కడానికి కడుపు మాడ్చుకోవాలి.

పిన్ని లేచి, పాత ట్రంకుపెట్టె తీసి, గుడ్డలో చుట్టిన ఒక వెండి ఉగ్గుగిన్నె తెచ్చింది. ముక్కు దగ్గర సొట్టపోయింది.

"నీళ్ళు తీశాక ఇల్లున్నచోట బురదలో కాలికి తగిలింది. మిగిలిన సామానల్లా ఇదే. శిబిరంలో గంజి పోశారు. పిల్లాడికి ఆత్రంగా లోటాతో పోస్తే కక్కేశాడు. అప్పుడు దీంతో, చుక్క చుక్కా పోశాను. వారంరోజులు ఈ గిన్నెతోనే బతికాడు. ఇప్పుడు చూడు, ఆరడుగులున్నాడు." గిన్నె నా చేతిలో పెట్టింది. "చిన్న గిన్నెతో మనిషి చావడే. తీసికెళ్ళు."

ఆస్పత్రివాళ్ళిచ్చిన ముప్ఫై మిల్లీలీటర్ల కప్పుతో కొలిచి చూశాను. గిన్నె ఒకటిన్నర కప్పు పట్టింది.

"అయితే నీకు రెండో అన్నప్రాశనన్నమాట" అంది పిన్ని, కళ్ళు తుడుచుకుని నవ్వుతూ. "మొదటిదానికి నేనున్నాను. పుస్తకం, బంగారం, కత్తి, అన్నీ వరసగా పెట్టాం. నువ్వు పాక్కుంటూ పోయి పాయసం గిన్నెలో చెయ్యి పెట్టావు!"

ఆ పూట పిన్ని నాకు చిన్న పళ్ళెంలో వడ్డించింది. గరిటెడు అన్నం, ముద్దపప్పు, గోంగూర. నేను ఆఖరి ముద్ద నమిలేదాకా ఎదురుగా కూచుంది. అలవాటు కొద్దీ గరిటె మళ్ళీ అన్నంలోకి వెళ్ళింది. నా వంక చూసి, ఆ అన్నం తన కంచంలో పెట్టుకుంది.