తలుపేసుకోనివ్వండి!

'మావాడు తెలివైనవాడే, కానీ...' తెనాలి, బాపట్ల, రేపల్లె... ఏ ఊళ్లోనైనా ఆ 'కానీ' దగ్గర కన్నవాళ్ల మాట ఆగిపోతుంది. కానీ కుదురుగా కూర్చోడు. కానీ ఎవరి మొహంలోకీ చూడడు. కానీ లెక్క నోటితో టకటకా చెప్పేస్తాడు, రాయమంటే అక్షరాలు తారుమారు. చిన్నప్పుడు 'పెద్దయితే అదే సర్దుకుంటుందిలే' అన్నారు అందరూ. పెద్దయ్యాడు. ఇంటర్‌కొచ్చాడు. సర్దుకోలేదు.

ఆటిజం, ఏడీహెచ్‌డీ, డిస్‌లెక్సియా... విడివిడిగా ఈ పేర్లు చాలామంది విన్నవే. 2007లో 'తారే జమీన్ పర్' చూశాక డిస్‌లెక్సియా అంటే ఏంటో కొంత తెలిసింది కూడా. ఇలాంటి వాళ్లందరినీ కలిపి ఇప్పుడు 'న్యూరోడైవర్జెంట్' అంటున్నారు. మెదడు పనిచేసే తీరే వేరన్నమాట. పుట్టుకతో వచ్చిన తీరుకి 'నయం చేయడం' అనే మాట పొసగదు. మరి థెరపీ ఎందుకంటారా? ఆ తీరుతోనే రోజు గడుపుకోవడానికి. మిక్సీ మోతకి తల పగిలిపోతుంటే ఇంట్లోవాళ్లకి ఎలా చెప్పాలి, పరీక్ష ముందురోజు కాళ్లూచేతులూ ఆడకపోతే ఏం చేయాలి, ఆఫీసులో పది పనులు ఒకేసారి మీద పడితే దేంతో మొదలుపెట్టాలి... ఇవన్నీ నేర్చుకోవడానికి.

చిన్నపిల్లలకైతే దారులు కొన్ని ఉన్నాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ బడుల్లో పిల్లల్ని చూసి, అవసరమైతే పెద్దాసుపత్రికి పంపిస్తారు. అదీ పద్దెనిమిదేళ్ల వరకే. ఇక థెరపీ సెంటర్ల బోర్డుల మీద కనిపించేవి చాలావరకు బుజ్జాయిల బొమ్మలే. మీసాలొచ్చిన కుర్రాడికి ఆ బుల్లి కుర్చీల మధ్య కూర్చోవాలంటే నామోషీ కాదూ!

పెద్దవాళ్ల సంగతి మరీ విచిత్రం. బాపట్లలో ఓ ఉద్యోగిని కొడుకును డాక్టర్‌కు చూపించింది. ఆయన ఒక్కో ప్రశ్నా అడుగుతుంటే ఆవిడకి లోపల గుబులు... 'ఇవన్నీ నాకూ ఉన్నాయి కదా!' తాళాలు మర్చిపోవడం, గ్యాస్ బిల్లు కట్టడం మర్చిపోవడం, మొదలుపెట్టిన పని సగంలో వదిలేయడం. చిన్నప్పుడు అమ్మ 'మాలోకం' అని పిలిచేది. ముప్పై ఆరేళ్లకి ఆ పిలుపు వెనక ఏడీహెచ్‌డీ ఉందని తేలింది. ఊళ్లో తెలిస్తే? అందుకే వారానికోసారి మేడ మీద గదిలోంచి వీడియోలో సైకాలజిస్టుతో మాట్లాడుతుంది.

రేపల్లెవాళ్లకైతే దూరం కూడా ఓ బాధే. 2022లో వాళ్ల ఊరు బాపట్ల జిల్లాలోకి వచ్చింది గానీ, ఇలాంటి వాటికి చాలామంది పోయేది ఇప్పటికీ గుంటూరో, విజయవాడో! తెనాలి మీదుగా రైలు, అక్కణ్నుంచి ఆటో, ఆసుపత్రిలో పడిగాపులు. పిల్లాడికి కాలేజీ పోయె, తండ్రికి పని పోయె. పైగా స్టేషన్లో ఎవరో ఒకరు 'ఎక్కడికి బాబాయ్, అబ్బాయితో బయల్దేరావు?' అని అడక్క మానరు. ఫోన్లో అయితే ఆ బెడద లేదు. కొంతమందికి కెమెరా ఆపేసి, మాటలు టైపు చేస్తేనే హాయి. ఎదుటివాళ్ల కళ్లలోకి చూడాల్సిన పన్లేదు మరి.

అయితే ఫోన్లో కానివీ ఉన్నాయి. కరోనా రోజుల్లో, 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు షెడ్యూల్ ఎక్స్ మందుల్ని ఆన్‌లైన్‌లో రాయకూడదన్నాయి. ఏడీహెచ్‌డీకి వాడే మిథైల్‌ఫెనిడేట్ ఆ షెడ్యూల్‌లోదే. దాని కోసం డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. వైకల్య ధ్రువపత్రానికీ అంతే. 2016 చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది, డిస్‌లెక్సియా లాంటి అభ్యసన లోపాలున్నాయి, ఏడీహెచ్‌డీ పేరు మాత్రం లేదు. ఇక తెరమీద కనిపించే ప్రతి 'కౌన్సెలర్'నీ నమ్మి డబ్బులు కట్టేయకండి. క్లినికల్ సైకాలజిస్టునని చెబితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. అడిగితే ఏమనుకుంటారో అన్న మొహమాటం ఇక్కడ పనికిరాదు. మరీ దిగులుగా ఉన్నప్పుడు ఏ వేళైనా 14416కి ఫోన్ చేయొచ్చు. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ 'టెలీ మానస్'లో తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు. వారం వారం థెరపీకి బదులు మాత్రం కాదది.

భాషతోనూ తిప్పలే. 'ఎలా ఫీలవుతున్నావు?' అంటుంది తెరమీద అమ్మాయి. 'బానే ఉంది' అంటాడు తెనాలి కుర్రాడు. ఏం అడిగినా బానే ఉంది! ఆటిజం ఉన్న చాలామందికి మనసులోది ఫలానా అని పేరు పెట్టి చెప్పడం కష్టం. చివరికి ఆ అమ్మాయే దారి మార్చి 'ఒంట్లో ఎక్కడ పట్టేసినట్టుంటుంది?' అని అడిగింది. 'కాలేజీ బస్సు ఎక్కగానే గొంతులో' అన్నాడు. అదీ మొదటి మాట.

అక్కడే చిక్కొచ్చింది. రెండు గదుల ఇల్లు. హాల్లో నాన్న, తలుపు వారగా అమ్మ. పదహారేళ్లలోపు వాళ్లు ఆన్‌లైన్‌లో డాక్టర్‌తో మాట్లాడాలంటే పక్కన పెద్దవాళ్లుండాలని ఆ మార్గదర్శకాలే చెప్పాయి. వీడికి పదిహేడు. మూడోసారి మాట్లాడిన రోజు రాత్రి అన్నాల దగ్గర నాన్న 'ఏరా, బస్సంటే భయమా నీకు?' అని నవ్వాడు. ఎగతాళికి కాదు, పాపం, ధైర్యం చెబుదామనే. ఆ తర్వాతి వారం కుర్రాడు ఫోన్ ఎత్తలేదు. ఆ పైవారమూ అంతే.

నెల తర్వాత మళ్లీ మొదలైంది. ఇప్పుడు గురువారం సాయంత్రం ఆరింటికి అమ్మ పక్కింటికి వెళ్తుంది. నాన్న చొక్కా వేసుకుని కాలవగట్టు మీదికి నడుస్తాడు. ముప్పావుగంట అక్కడే తచ్చాడి, ఏడింటికి ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటాడు. వాడేం మాట్లాడాడో అడగాలనే ఉంటుందట ఆయనకి. ఇంతవరకూ అడగలేదు.