గాజుతొట్టిలో వనం

తోట అనగానే మనకు పాదులు, పందిళ్ళు, పూలమొక్కలు మనసులో మెదులుతాయి. నీటి అడుగున కూడా తోటను పెంచవచ్చునని, అటువంటి తోటలకు దేశదేశాల మధ్య పోటీలు జరుగుతాయని చెప్పినప్పుడు మన విద్యార్థులలో పలువురు ఆశ్చర్యపోయారు. ఆ ఆశ్చర్యమే మా ప్రయత్నానికి నాంది అయినది. తెలుగు శాఖలోని మేము, వృక్షశాస్త్ర శాఖలోని మిత్రులు, ఆరుగురు విద్యార్థులు కలసి అటువంటి పోటీకి ఒక తొట్టిని సిద్ధపరచ పూనుకున్నాము.

ఈ విద్య నిన్నటిది కాదు. 1850లో రాబర్ట్ వారింగ్టన్ అనే ఆంగ్ల రసాయన శాస్త్రజ్ఞుడు ఒక గాజుపాత్రలో బంగారు చేపలను, వాలిస్నేరియా మొక్కను కలిపి పెంచిన వృత్తాంతాన్ని లండన్ రసాయన శాస్త్ర సంఘానికి నివేదించాడు. మొక్క విడిచే ప్రాణవాయువుతో చేప బ్రతికినది. కాని రాలిన ఆకులు కుళ్ళి నీరు చెడసాగినది. అప్పుడాయన చెరువు నత్తలను వదలగా, అవి కుళ్ళిన ఆకులను తిని నీటిని నిలబెట్టాయి. ఒకరి వ్యర్థం మరొకరికి ఆహారమయ్యే ఈ సమతూకమే నేటికీ ఈ విద్యకు పునాది.

దీనిని కళగా మలచినవారిలో జపాను దేశీయుడు తకాషి అమానో అగ్రగణ్యుడు. 1954లో నిగాతా ప్రాంతంలో జన్మించిన ఈయన తొలుత సైకిలు పందెగాడు, పిదప అరణ్యాలను చిత్రించిన ఛాయాగ్రాహకుడు. 1982లో సొంత సంస్థను నెలకొల్పి, కొండలను, లోయలను, పచ్చికబయళ్ళను గాజుతొట్టిలోనికి దించాడు. 2001లో ఆ సంస్థ ఆరంభించిన అంతర్జాతీయ పోటీకి తొట్టిని మోసుకుపోనక్కరలేదు. ఛాయాచిత్రం పంపితే చాలును. నెదర్లాండ్స్‌లో పద్ధతి వేరు. అక్కడ న్యాయనిర్ణేతలే ఇంటింటికీ వచ్చి తొట్టిని, నీటిని, చేపల ఆరోగ్యాన్ని పరీక్షిస్తారు. మేము ఛాయాచిత్రపు పోటీనే ఎంచుకున్నాము. మా తొట్టి పొడవు 60 సెంటీమీటర్లు, వెడల్పు 30, ఎత్తు 36. అందులో పట్టే నీరు సుమారు 65 లీటర్లు.

మొదటి చర్చ రాళ్ళ గురించి వచ్చినది. విదేశీ శిలలు కొనే శక్తి మాకు లేదు. దక్కను నేలపై గ్రానైటుకు కొరత ఏమున్నది? సున్నం కలిగిన రాయి నీటి కఠినత్వాన్ని పెంచుతుంది కనుక, ఏరి తెచ్చిన ప్రతి రాతిపై వెనిగారు చుక్క వేసి చూశాము. బుడగలు పొంగినవి తీసివేసి, పొంగనివి ఉంచుకున్నాము. ఒక విద్యార్థి అన్నిటికంటె పెద్దరాతిని సరిగ్గా నడుమ నిలిపి, రెండు ప్రక్కల సమానంగా చిన్నరాళ్ళను పేర్చాడు. తాజ్‌మహలు ముందున్న చార్‌బాగ్‌ను ఎరిగిన కన్నుకు సౌందర్యమంటే సమత్వమే కదా! జపాను వారి ఇవాగుమి పద్ధతిలో రాళ్ళు బేసి సంఖ్యలో ఉండాలి. ప్రధాన శిల నడుమనుండి ఒక ప్రక్కకు ఒదగాలి. రెండు విధాలుగానూ పేర్చి, దూరం నుండి చూశాము. మొదటిది మనిషి వేసిన తోటగాను, రెండవది ఎవరూ వేయని కొండగాను తోచినది. ఆ విద్యార్థి స్వయంగా తన పెద్దరాతిని ప్రక్కకు జరిపాడు.

చెరువు నుండి తెచ్చిన హైడ్రిల్లాను, వాలిస్నేరియాను పలుచని పొటాషియం పర్మాంగనేటు నీటిలో కడిగి, శ్రావణంతో ఒక్కొక్క మొక్కను నాటాము. గరాటు క్రింద హైడ్రిల్లాను ఉంచి ప్రాణవాయువు బుడగలను చూపే ప్రయోగం మన ప్రయోగశాలలో ఏటా జరిగేదే. ఆ బుడగలే మా తొట్టిలో ప్రతి ఆకుపైన ముత్యాలవలె నిలిచిన దినాన విద్యార్థులు పాఠాన్ని మరల కనుగొన్నారు. బొగ్గుపులుసు వాయువు కొరకు సిలిండరుకు మారుగా చక్కెర, ఈస్టు కలిపిన సీసాను అమర్చాము. రాత్రివేళ మొక్కలు కూడా ప్రాణవాయువునే పీల్చుకుంటాయి కనుక, దీపం ఆర్పిన పిదప గాలి పంపును నడిపాము.

అసలు పరీక్ష చేపల విషయంలో ఎదురైనది. క్రొత్త తొట్టిలో కుళ్ళిన పదార్థం నుండి అమ్మోనియా పుడుతుంది. సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగా, పిదప నైట్రేటుగా మారుస్తాయి. మొదటి రెండూ చేపకు విషాలు. ఆ సూక్ష్మజీవులు స్థిరపడుటకు నాలుగు నుండి ఆరు వారాలు పట్టవచ్చును. గడువు ఇంకా పన్నెండు దినాలే ఉన్నది; పరీక్షనాళికలోని నీరు పసుపుకు రాక ఆకుపచ్చగానే ఉన్నది.

“సార్, చేపలు లేని ఫోటో ఎవరు చూస్తారు? ఒక్క పూటకు వదిలి, ఫోటో తీసి, మళ్ళీ తీసేద్దాం” అన్నాడొక విద్యార్థి. నలుగురు అతని వైపు నిలిచారు. వారి శ్రమ మూడు నెలలది. వారి తొందరలో అన్యాయమేమీ లేదు. అప్పుడు అందరికంటె చిన్నవాడు పరీక్షనాళికను ఎత్తి చూపి, “భాయీ, ఈ నీళ్ళు నువ్వు పీలుస్తావా?” అని అడిగాడు. ఎవరూ బదులు పలుకలేదు. సబర్ అనే మాటను మనం ఇళ్ళలో ఎంతో సులువుగా వాడుతాము. ఆ దినం దాని బరువు తెలిసినది.

దినం విడిచి దినం నీరు మారుస్తూ వేచి ఉన్నాము. గడువుకు మూడు దినాల ముందు నాళిక పసుపుకు తిరిగినది. నైట్రైటు జాడ కూడా లేదు. పది జీబ్రా చేపలను వదిలాము. అవి మన దేశపు సెలయేళ్ళవే. క్రొత్తచోటికి వచ్చిన బెదురుతో అవి గుంపు కట్టక, రాళ్ళ చాటున ఒదిగినవి. ఫిల్టరు గొట్టాలు తీసివేసి, నీరు కదలిక మానిన పిదప తీసిన చిత్రంలో నాలుగు చేపలే కనిపించాయి. ఫలితాల పట్టికలో మా స్థానం అట్టడుగుకు చేరువలో ఉన్నది. తుది తీర్పు ఒక్క చిత్రానిది. అందులో పన్నెండు దినాల నిరీక్షణ కనిపించదు.

పోటీ ముగియగానే తొట్టిని విప్పివేసి, మరుసటి ఏటికి క్రొత్తది వేయడం ఈ రంగంలో పరిపాటి. మేము అట్లు చేయలేదు. పాలకవర్గం వారి అనుమతితో దానిని గ్రంథాలయంలో నిలిపాము. నేడు చేపలు గుంపుకట్టి తిరుగుతున్నాయి. మొక్కలు కత్తిరించడం, వారం వారం నీరు మార్చడం మొదటి సంవత్సరపు విద్యార్థుల వంతు.

విద్యార్థి మిత్రులారా! మీ పట్టాలు కూడా ఛాయాచిత్రాల వంటివే. ఒక దినపు రూపాన్ని చూపుతాయి. చదువు ఆ తొట్టిలోని నీటి వంటిది. అది తేటపడే వరకు వేచి ఉండే ఓపిక, తేటపడిన పిదప కూడా విడువక మార్చుకునే శ్రద్ధ మీకు అలవడాలని మా ఆకాంక్ష.