ఆ చిల్లే... ప్రాణం!

పురిటి గదిలోంచి కేర్‌మన్న ఏడుపు వినిపిస్తే చాలు, బయట బల్లమీద కూర్చున్నవాళ్ల మనసు కుదుటపడుతుంది. బిడ్డ మూడు కిలోలుంది. కాళ్లూ చేతులూ ఆడిస్తోంది. ఇంకేం కావాలి? మర్నాటికి ఒళ్లు కాస్త కమిలినట్టు కనిపిస్తుంది. 'నాన్న రంగొచ్చిందిలే' అంటుంది నాయనమ్మ. 'చలికి అలా ఉంది, గుడ్డ చుట్టండి' అంటుంది అమ్మమ్మ. పాలు పట్టబోయిన తల్లి మాత్రం బిడ్డ నాలుక చూస్తుంది. నేరేడుపండు తిన్నట్టు నీలంగా ఉంటుందది.

ఆ నీలానికి కారణాలు చాలానే ఉండొచ్చు. వాటిలో అరుదైనదీ, ఏమాత్రం వ్యవధి ఇవ్వనిదీ ఒకటుంది. గుండె నుంచి బయల్దేరే రెండు పెద్ద ధమనులూ తారుమారు కావడం! మూడు నాలుగు వేల కాన్పుల్లో ఒక బిడ్డకు ఇలా జరుగుతుంది. లండన్‌ వైద్యుడు మాథ్యూ బెయిలీ దీని గురించి 1797లోనే రాశాడు. చికిత్స దొరకడానికి మాత్రం మరో నూట యాభై ఏళ్లకు పైనే పట్టింది.

చూడ్డానికి గుండె ఒకటే అయినా పంపులు రెండు. ఒళ్లంతా తిరిగొచ్చిన చెడు రక్తాన్ని కుడి జఠరిక పుపుస ధమని ద్వారా ఊపిరితిత్తులకు పంపుతుంది. అక్కడ ఆక్సిజన్‌ నింపుకొని వచ్చిన మంచి రక్తాన్ని ఎడమ జఠరిక బృహద్ధమని ద్వారా ఒళ్లంతటికీ తోస్తుంది. ఈ బిడ్డల్లో ఆ రెండు గొట్టాలూ ఒకదాని చోట మరొకటి ఉంటాయి. దాంతో ఏటి నీళ్లు నింపుకున్న కాల్వ చేలవైపు పోకుండా మళ్లీ ఏట్లోకే వెళ్తుంది. చేల చుట్టూ తిరిగే కాల్వేమో ఏటి ముఖమే చూడదు!

మరి, తొమ్మిది నెలలూ కడుపులో ఎలా పెరిగినట్టు? అక్కడ ఆక్సిజన్‌ ఇచ్చేది మాయ. పైగా కడుపులో ఉన్న ప్రతి బిడ్డ గుండెకూ రెండు అడ్డదారులుంటాయి. కర్ణికల మధ్య గోడలో చిన్న కన్నం ఒకటి, రెండు ధమనులనూ కలిపే సన్నటి నాళం మరొకటి. పుట్టాక అవి మూసుకుపోవాలి. ఈ బిడ్డకు మాత్రం అవే ఆధారం. మంచి రక్తం, చెడు రక్తం కాస్తయినా కలిసేది అక్కడే. ఒకటి రెండు రోజుల్లో నాళం మూతపడుతున్న కొద్దీ నీలం ముదురుతుంది. వైద్యం అందకపోతే పదిమందిలో తొమ్మిదిమంది మొదటి పుట్టినరోజు చూడరు.

'గుండెకు చిల్లు' అన్న మాట వింటే ఏ ఇంట్లోవాళ్లయినా కుంగిపోతారు. ఇక్కడ మాత్రం వైద్యులే ఆ చిల్లును పెద్దది చేస్తారు! 1966లో ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రిలో విలియం రాష్‌కిండ్‌ ఈ దారి చూపించారు. సన్నటి గొట్టాన్ని రక్తనాళంలోంచి గుండెలోకి పంపి, కన్నం దాటించి, చివర ఉన్న చిన్న బుడగను ఉబ్బించి వెనక్కి లాగారు. ఛాతీ కోయకుండానే గోడ చిరిగింది. రక్తం కలిసింది. ఇప్పటికీ అవసరమైన బిడ్డలకు ఆ పని చేస్తున్నారు. నాళం మూసుకుపోకుండా మందు కూడా ఎక్కిస్తారు.

అయితే ఇదంతా గడువు సంపాదించడానికే. అసలు మరమ్మతు 1975లో బ్రెజిల్‌లోని సావోపాలోలో జరిగింది. శస్త్రవైద్యుడు అదీబ్‌ జాటెనే రెండు ధమనులనూ కోసి, ఎవరి చోటికి వాటిని మార్చి కుట్టారు. గుండెకే రక్తమిచ్చే సన్నటి కరొనరీ ధమనుల్నీ విడదీసి కొత్తచోట అతికించారు. అంతకుముందు ఈ ప్రయత్నం చేసినవాళ్లకు అక్కడే చిక్కొచ్చింది. పసిగుడ్డులో వాటి వెడల్పు ఒకటి రెండు మిల్లీమీటర్లే మరి!

ఈ ఆపరేషన్‌ను చాలామంది బిడ్డలకు మొదటి రెండు మూడు వారాల్లోనే చేసేస్తారు. ఊపిరితిత్తులకు రక్తం తోయడం తేలికపని. దానికే అలవాటుపడితే ఎడమ జఠరిక బలం తగ్గిపోతుంది. తర్వాత ఒళ్లంతటి బరువూ మోయలేదు.

అందుకే ప్రతి రోజూ విలువైనదే. స్టెతస్కోపు పెట్టినా ఒక్కోసారి తేడా వినిపించదు. చామనఛాయ ఒంటిమీద నీలం తేలిగ్గా తెలియదు. పగటి వెలుతురులో పెదాలు, నాలుక, చిగుళ్లు చూడాలి. కొవిడ్‌ రోజుల్లో ఇంటింటికీ పరిచయమైన ఆక్సిమీటరు లాంటిదే, పసివాళ్లకు పనికొచ్చేది ఆసుపత్రుల్లో ఉంటుంది. కుడిచేతికీ కాలికీ పెట్టి చూడమని అడగడంలో తప్పులేదు. పుట్టి ఒకరోజు దాటాక కూడా 90 కన్నా తక్కువ చూపిస్తే తెల్లారేదాకా ఆగకూడదు. ఎకో పరీక్ష చేస్తే విషయం తేలిపోతుంది.

ఈలోగా ఇంట్లో మరో విచారణ మొదలవుతుంది. 'గ్రహణం చూసిందా? బొప్పాయి తిందా?' అని. పిండంలో మొదట ఒకటే గొట్టం ఉంటుంది. అది మెలి తిరుగుతూ రెండుగా చీలాలి. ఆ మెలిక సరిగా పడలేదు, అంతే. అదంతా మొదటి రెండు నెలల్లోనే జరిగిపోతుంది. చాలామందికి నెల తప్పిన సంగతి అప్పుడప్పుడే తెలుస్తుంటుంది. గ్రహణానికీ బొప్పాయికీ ఇందులో పాత్ర లేదు.

బిడ్డ నాలుక రంగు మొదట గమనించింది ఆ తల్లే. ఆమెను నిలదీయడం మాని, ఆమె చెప్పింది విని బండి కట్టించిన ఇల్లే ఆ బిడ్డను కాపాడుకుంటుంది.