మట్టి చెప్పిన సాక్ష్యం

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. పెళ్లి సంగతి నన్నడక్కండి. ఇంటి సంగతి మాత్రం కాస్త చెప్పగలను. ఒకే స్థలంలో ఒకసారి మా నాన్నగారూ, యాభై ఏళ్ల తర్వాత నేనూ ఇల్లు కట్టాం గనక.

మాది పల్నాటి నల్లరేగడి నేల. 1968 వేసవిలో నాన్నగారు శంకుస్థాపన తలపెట్టారు. ముందుగా భూపరీక్ష జరగాలన్నారు పురోహితులుగారు. మూరెడు లోతు గొయ్యి తవ్వి, ఆ మట్టితోనే పూడ్చారు. మట్టి మిగిలితే ఉత్తమం, సరిపోతే మధ్యమం, చాలకపోతే అధమమట. ఎండిన రేగడి గడ్డలు గదా, తట్టెడు మిగిలింది. నాన్నగారి ముఖం వెలిగిపోయింది.

సంతోషించనివాడు తాపీమేస్త్రి ఒక్కడే. "అయ్యగారూ, పక్క చేలో బీటలు చూశారా? చెయ్యి పెడితే భుజందాకా దిగుతోంది. ఇంకో నాలుగడుగులు లోతుకు పోదాం" అన్నాడు.

"నీకేం, చెబుతావు! రాయెంత, సున్నమెంత, కూలెంత?" అన్నారు నాన్నగారు. పునాది మూడడుగుల దగ్గర ఆగిపోయింది.

గృహప్రవేశం దివ్యంగా జరిగింది. మరుసటి వేసవికి కిటికీ మూలనుంచి ఏటవాలుగా ఒక బీట బయల్దేరింది. నా బలపాలు అందులోనే దాచుకునేవాణ్ణి. వానలు పడగానే బీట మూసుకునేది, తలుపులు బిగుసుకునేవి. బలపాలు గోడకి, కుస్తీ నాకు!

సున్నం కాజేశాడని నాన్నగారు తీర్మానించి, మేస్త్రికి రావలసిన నూట యాభై రూపాయిలు ఆపేశారు. అతను మూడుసార్లు వచ్చాడు. చివరిసారి, "కదిలేది నేలయ్యా, నా చెయ్యి కాదు" అని వెళ్లిపోయాడు. ఊళ్లో మరెవరూ అతన్ని పనికి పిలవలేదు. నాన్నగారి మాటే నేనూ నమ్మాను.

2019లో పాత ఇల్లు తీసేసి కొత్తది కట్టబోతే, ఇంజనీరైన మా అల్లుడు, "మామయ్యగారూ, ముందు మట్టిని పరీక్ష చేయిద్దాం" అన్నాడు.

"మన మట్టిని చూసుకోవడానికి మనమే డబ్బివ్వాలా?"

"పీసా గోపురం 1173లో మొదలెట్టారండీ. అడుగున మెత్తటి నేల ఒకవైపు ఎక్కువ కుంగి, కట్టడం పూర్తికాకుండానే వాలింది."

దాన్ని చూడ్డానికి జనం టిక్కెట్టు కొంటారు. మా గోడ చూడ్డానికి ఎవరూ కొనలేదు. సరేనన్నాను.

పనివాళ్లు మూడుకాళ్ల గడ నిలబెట్టి బోరు వేశారు. కొంత లోతుకు పోయాక ఇనప గొట్టాన్ని దించి, 63.5 కిలోల బరువును 75 సెంటీమీటర్ల ఎత్తునుంచి దానిమీద పడేస్తారు. మొదటి 15 సెంటీమీటర్లు లెక్కలోకి రావు. తర్వాతి 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో అదే నేల బలం. పైన కొద్ది దెబ్బలకే దిగిన గొట్టం, అడుగున మొరం తగిలేసరికి మొండికేసింది. నేను వేపచెట్టు కింద కూచుని దెబ్బలు లెక్కపెట్టాను.

మట్టి సంచులతోపాటు ప్రయోగశాలకు నేనూ వెళ్లాను. జల్లించిన పొడిమట్టి పదేసి గ్రాములు రెండు గాజు గొట్టాల్లో పోశారు. ఒకదాంట్లో నీళ్లు, రెండోదాంట్లో కిరసనాయిలు. మర్నాడు చూస్తే కిరసనాయిల్లో మట్టి 11 గీత దగ్గర ఉంది. నీళ్లలోది ఉబ్బి 22కి చేరింది. రేగడిలోని సన్నటి బంకమట్టి పొరలమధ్య నీరు చేరితే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. ఇంటి నడిమి నేల చెమ్మగా ఉండి, అంచులు ఎండి కుంగితే గోడ ఏం చేస్తుంది పాపం!

అల్లుడు కొత్త ఇంటికి రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ రూపొందించిన పద్ధతి ఎంచుకున్నాడు. తడీ పొడీ మారని లోతుకు కాంక్రీటు స్తంభాలు దించి, అడుగున ఉబ్బెత్తుగా బుడిపె చేస్తారు. పైన వాటిని దూలాలతో కలిపి, దూలానికీ నేలకీ మధ్య కాస్త సందు వదులుతారు. నేల ఉబ్బినా ఇంటిని తోయదు. ఆనాడు మేస్త్రి అడిగింది కూడా లోతే గదా!

రిపోర్టు పట్టుకుని మేస్త్రి ఇంటికి వెళ్లాను. అతను పోయి చాలా ఏళ్లయింది. కొడుకున్నాడు, నా ఈడువాడే. సంగతంతా చెప్పి, ఒక కవరు అతని ముందు పెట్టాను. అతను దాన్ని ముట్టుకోలేదు.

"తప్పు మట్టిదేనని ఆ కాయితంలో రాసుందా బాబూ?" అన్నాడు.

చదివి వినిపించాను. లోపలికి వెళ్లి భార్యను పిలుచుకొచ్చాడు. ఇద్దరూ గడపలో నిలబడ్డారు.

"ఇంకోసారి చదవండి" అన్నాడు.