స్టేషను ఎదుట ఒక కప్పు చాయ్

ఊళ్ళనుండి వైద్యానికో, పిల్లల పరీక్షలకో సికింద్రాబాదు వచ్చే సంఘస్థులు రైలు దిగి మాకు ఫోను చేసినప్పుడు, మొదట అడిగేది ఆసుపత్రికి దారి కాదు. "అయ్యగారూ, ఈడ తక్కువల తినెతందుకు ఏడికి పోవాలె?" అని అడుగుతారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. చేతిలో ఉన్న డబ్బు మందులకు లెక్కపెట్టి తెచ్చుకున్నది. పెద్ద హోటలు అద్దాల తలుపు చూస్తే కాళ్ళు వెనక్కి తగ్గుతాయి. బండిమీద తిందామంటే కూర్చోవడానికి చోటుండదు, రోగిని పక్కన పెట్టుకొని ఎంతసేపు నిలబడతారు?

ప్రియ పాఠకులారా, మేము అందరికీ చెప్పే సమాధానం ఒక్కటే. ఇరానీ హోటలుకు వెళ్ళండి. ఇన్నేళ్ళుగా నోటితో చెబుతూ వచ్చిన దానిని ఈసారి కాగితంమీద పెడుతున్నాము.

సికింద్రాబాదు దండు ఊరు. మూడవ నిజాం సికిందర్ జా పేరుమీద 1806లో ఈ పేరు వచ్చింది. బ్రిటిషు పటాలాలు, వాటి వెనుక వర్తకులు, 1874లో రైలు, ఆ రైలు వెంబడి నలుమూలలనుండి వచ్చిన జనం. ఇంటికి దూరంగా ఉన్న మగవాళ్ళు ఎక్కువగా ఉన్న ఊరికి ముందుగా కావలసింది తక్కువ ధరకు వేడిగా పెట్టే చోటు. ఆ చోటు పెట్టినవారు ఎక్కడివారో కారు, ఇరాను దేశస్థులు. యజ్ద్ మొదలైన ప్రాంతాలలో కరవులకు, బీదరికానికి తాళలేక పందొమ్మిదవ శతాబ్దం చివరినుండి వారు బొంబాయి చేరారు. అక్కడినుండి పూనా, ఆపైన హైదరాబాదు, సికింద్రాబాదులకు వచ్చారు. వీధులు కలిసే మూలల్లో కొట్లు పెట్టుకున్నారు. మూలస్థలం అచ్చిరాదనీ, వీధిపోటు అనీ మనవాళ్ళు వదిలేసిన జాగాలు వారికి చవకగా దొరికాయని పెద్దలు చెబుతారు. ఇల్లు కట్టువారు వద్దన్న రాయి సంగతి ఎరిగిన మన పాఠకులకు ఇది వింతగా తోచదు.

పారడైజ్ పేరు అందరికీ తెలుసు. 1953లో పారడైజ్ సినిమా హాలు దగ్గర చాయ్, సమోసాలతో మొదలైన చిన్న కొట్టు అది. ఇప్పుడు ఆ హాలు లేదు, చౌరస్తాకు మాత్రం దాని పేరే మిగిలింది. అక్కడి బిర్యానీ మంచిదే గాని, మందుల చీటీ జేబులో పెట్టుకొని వచ్చినవాళ్ళను మేము అటు పంపము. స్టేషను ఎదుటనే ఆల్ఫా హోటలు ఉంది, రైలు దిగినవాళ్ళలో చాలామంది సామానుతోనే అటు నడుస్తారు. అది కాకపోయినా ఆ చుట్టుపక్కల, మోండా మార్కెట్టు వైపు, గడియార స్తంభం వైపు నడిస్తే ఇంకా కొన్ని కనిపిస్తాయి. ఒకప్పటి అన్ని లేవు. మూలజాగా కదా, ధర పెరిగింది. వారసులు వేరే చదువులు చదివారు. ఇరానీ హోటలు ఉండిన చోట్ల ఇప్పుడు మందుల దుకాణాలో, సెల్‌ఫోన్ల దుకాణాలో ఉన్నాయి.

లోపలికి వెళ్ళిన కొత్తవారు తికమకపడకుండా కొన్ని సంగతులు చెప్పాలి. మేజాబల్లలకు పాలరాతి పలక ఉంటుంది. ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చోవచ్చు, ఎదురుగా ఎవరో తెలియనివారు ఉన్నా సరే. మీరు అడగకముందే చిన్న ఉల్లిపాయ సమోసాల పళ్ళెమో, ఉస్మానియా బిస్కట్ల పళ్ళెమో తెచ్చి ముందు పెడతారు. భయపడవద్దు, పళ్ళెమంతటికీ డబ్బు తీసుకోరు. ఎన్ని తిన్నారో చూసి అన్నింటికే లెక్క కడతారు. ఇద్దరికీ కలిపి ఒకే చాయ్ చాలంటే "ఏక్ మే దో" అనండి, ఖాళీ కప్పు ఇంకొకటి మొహం ముడవకుండా తెచ్చిపెడతారు. బిల్లు కాగితంమీద రాయరు. వడ్డించినతను లోపలినుండే ఇంతయిందని కేక వేస్తాడు, గల్లా దగ్గర కూర్చున్నాయన అది విని మీ దగ్గర తీసుకుంటాడు. ఇంత రద్దీలో ఎవరిది ఎంతయిందో వాళ్ళకెలా గుర్తుంటుందో మాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. కొన్నిచోట్ల ముందే టోకెను కొనే పద్ధతి వచ్చింది.

ఇక చాయ్. మన ఇళ్ళలోలాగా పాలు, నీళ్ళు, ఆకు ఒకే గిన్నెలో మరిగించరు. మూతపెట్టిన పెద్ద పాత్రలో డికాషను సన్నని సెగమీద గంటలకొద్దీ మగ్గుతుంది. పాలు వేరే పాత్రలో చిక్కబడుతూ ఉంటాయి. కప్పులో ముందు డికాషను పోసి, పైన ఆ పాలు పోస్తారు. పాలు ఎక్కువ కావాలంటే "పౌనా" అనాలి. ఉస్మానియా బిస్కటు పేరు చివరి నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌ది. తీపి, ఉప్పు రెండూ కలిసి ఉంటుంది, చాయ్‌లో ముంచితే రెండు లెక్కపెట్టేలోగా నోట్లోకి చేరాలి, లేకపోతే కప్పు అడుగున వెతుక్కోవాలి. ఇప్పుడు కప్పు చాయ్ ఇరవై రూపాయలకు అటూ ఇటూగా ఉంది. పొద్దున్నే వెళ్తే ఖిచిడీ, ఖీమా దొరుకుతాయి, దానిమీదికి పుల్లని ఖట్టా పోస్తారు. మధ్యాహ్నం వరకూ ఆకలి వేయదు. మధ్యాహ్నం రోటీ, దాల్ చాలు. ఆసుపత్రిలో రోగికి తోడు కూర్చునేవాళ్ళకు బన్ను, ఆమ్లెట్ పొట్లం కట్టించుకొమ్మని చెబుతాము.

ఒక సహోదరి, వారు వేరే మతస్థులు కదా, అక్కడి మాంసం తినవచ్చా అని మమ్మల్ని గట్టిగా అడిగింది. ఆ ప్రశ్న కొరింథు సంఘంలో కూడా వచ్చిందనీ, పౌలుగారు తీరికగా జవాబు రాశారనీ చెప్పి ఖీమా మాకు దగ్గరగా జరుపుకున్నాము. ఆమె సమోసాతో సరిపెట్టుకుంది.

మా పిల్లలకైతే ఇరానీ హోటలంటే అంత ఇష్టం లేదు. చిన్నప్పుడు మాకూ అంతే. సాయంత్రం పెద్ద పెనంమీద మంట ఎగసే నూడుల్సు బండి దగ్గరే మా కాళ్ళు ఆగేవి. పార్క్ లేన్‌లో నాన్‌కింగ్ అనే చైనా హోటలు ఉందని వినేవాళ్ళమే గాని, బండివాడి మంచూరియానే మాకు చైనా. అది చైనాలో లేనే లేదనీ, 1975లో బొంబాయిలో నెల్సన్ వాంగ్ అనే కలకత్తా చైనీయుడు కల్పించాడని చెబుతారనీ పెద్దయ్యాక తెలిసింది. హక్కా నూడుల్సు పేరు కలకత్తాలో స్థిరపడిన హక్కా చైనీయులనుండి వచ్చింది. ఇరానీ, చైనీయుడు, ఇద్దరూ పొట్టకోసం దేశం విడిచివచ్చి మన పొట్టలు నింపినవారే. బండి దగ్గర మారాం చేసినప్పుడల్లా మా నాన్నగారు మమ్మల్ని చెయ్యిపట్టి లాక్కొని ఇరానీ హోటలుకే తీసుకుపోయేవారు. అక్కడి చాయ్ ఆయనకు అంత రుచి అనుకునేవాళ్ళము. రుచి కాదని పదో తరగతిలో ఉండగా తెలిసింది.

నాన్నగారిది మెదకు జిల్లాలో చిన్న ఊరు. ఒక ఆసామి దగ్గర పాలేరు. ఊళ్ళో చాయ్ హోటలు ఒకటుండేది. మావాళ్ళు లోపలికి పోకూడదు. బయట గుంజకు వేరే గ్లాసులు తగిలించి ఉండేవి. గ్లాసు తామే తీసుకోవాలి. చాయ్ ఎత్తునుండి పోస్తారు. తాగినాక తామే కడిగి మళ్ళీ అక్కడే తగిలించాలి. లోపలివాళ్ళ గ్లాసులు హోటలువాడే కడిగేవాడు. అప్పటికి అంటరానితనాన్ని రద్దు చేసిన రాజ్యాంగం అమలులోకి వచ్చి రెండు దశాబ్దాలు దాటింది. హోటలులోకి రానివ్వకపోవడం నేరమని 1955లో చట్టం కూడా వచ్చింది. ఆ చట్టం మా ఊరి గుంజ దాకా రాలేదు. ఆదివారంనాడు ఆ ఊరి చిన్న గుడిలో ప్రభురాత్రి భోజనం ఒకే పాత్రలో అందరూ పుచ్చుకొనేవారు. సోమవారం గుంజకు తగిలించిన గ్లాసు.

1974లో మా పెద్దనాన్నగారిని గాంధీ ఆసుపత్రిలో చేర్చారు. ఆ ఆసుపత్రి 2003లో ముషీరాబాదుకు మారకముందు స్టేషను దగ్గరే ఉండేది. నాన్నగారికి అప్పుడు ఇరవై రెండేళ్ళు. అక్కన్నపేటలో మీటరుగేజి బండి ఎక్కి మొదటిసారి సికింద్రాబాదులో దిగారు. రాత్రంతా వరండాలో మేల్కొని, పొద్దున్నే ఎవరో చెబితే మూలమీది ఇరానీ హోటలుకు వెళ్ళారు. గుమ్మం దగ్గర నిలబడి గ్లాసు కోసం గుంజ వెతుక్కున్నారట. లోపలినుండి పనిపిల్లవాడు "ఆవో భయ్యా, బైఠో" అన్నాడు. కూర్చున్నారు. పాలరాతి బల్లకు అవతల తెల్లచొక్కా వేసుకున్న రైల్వే ఉద్యోగి ఒకాయన పేపరు చదువుకుంటున్నాడు, తల ఎత్తలేదు. పింగాణీ కప్పులో చాయ్ వచ్చింది. తాగి, అలవాటు చొప్పున కప్పు చేతబట్టుకొని లేచి నీళ్ళ కుళాయి ఎక్కడుందో అని చూస్తుంటే ఆ పిల్లవాడు నవ్వి చేతిలోనుండి కప్పు లాక్కున్నాడు.

"ఆని కండ్ల ముంగటనే పోతనని, నేను సూస్తనే ఉన్న కొడుకా," అని నాన్నగారు చెప్పేవారు. "నా కప్పు యాడికి పోతదో సూస్తున్న. గా తెల్లంగి సారు కప్పు, నా కప్పు, అన్ని ఒక్క తొట్టిలనే ఏసిండు. ఏసి కలిపిండు. ఇగ ఏది ఎవలదో ఎట్ల తెలుస్తది?"

అది చూడడానికే ఇంకొక చాయ్ తాగారట. ఊరికి తిరిగి వచ్చేటప్పుడు టిక్కెట్టుకు చిల్లర తక్కువై బొల్లారందాకా నడిచి అక్కడ బండి ఎక్కారు.

ఇరానీ హోటలు పరలోకమని మేము అనడం లేదు. ఆ కప్పులు కడిగిన పిల్లవాడు బడిలో ఉండవలసినవాడు. ఆడవాళ్ళు పెద్ద హాలులో కూర్చునేవారు కారు. మా అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు పరదా వెనుక ఫ్యామిలీ గదిలో కూర్చొని, ఎవరు ఏం తింటున్నారో కనబడక విసుక్కుంది. అయినా కులం అడగకుండా చాయ్ పోసిన మొదటి చోటు మా నాన్నగారికి అదే. మాకు చాయ్ అంటే చాయ్.

2011లో నాన్నగారు కంటి ఆపరేషనుకు వచ్చి మా పాస్టరేటులో రెండు వారాలు ఉన్నారు. ఒకరోజు పొద్దున్నే వంటింటి కిటికీలో విడిగా పెట్టిన స్టీలు గ్లాసు చూశారు. అంచు దగ్గర చిన్న సొట్ట ఉంది.

"గా గిలాస ఎవలది బిడ్డా?" అని కోడలిని అడిగారు.

"అక్కది, మామయ్యా."

మా ఇంట్లో గిన్నెలు తోమి, ఇల్లు ఊడ్చే ఆమెను మేమందరమూ అక్క అనే పిలుస్తాము. నాన్నగారు ఇంకేమీ అడగలేదు. మరుసటి రోజు చాయ్ వేళకు ఆయనే వెళ్ళి కిటికీలోని గ్లాసు తీసుకొని వచ్చి కోడలి ముందు పట్టుకున్నారు. "గిండ్ల పొయ్యి బిడ్డా" అన్నారు. మేము అక్కడే కూర్చొని ఉన్నాము. తాగి, కుళాయి దగ్గరికి వెళ్ళి కడిగి, కిటికీలో పెట్టారు. ఆ మరుసటి రోజూ అంతే. మూడో రోజూ అంతే. కంటికి కట్టు ఉంది, తడుముకుంటూ వెళ్ళేవారు. నాలుగో రోజు మా శ్రీమతి ఆ గ్లాసును తోమి అలమారలో మిగిలినవాటి మధ్య పెట్టేసింది. మేము ఎవరమూ దాని గురించి మాట్లాడుకోలేదు. ఆ ఆదివారం మేము ఏ వాక్యం మీద ప్రసంగించామో గుర్తు లేదు. ఆ గ్లాసు ఇప్పటికీ ఉంది. ఒక్కొక్కసారి సంఘ పెద్దలు వచ్చినప్పుడు సొట్ట గ్లాసు వారి వంతుకు వస్తుంది.

నాన్నగారు 2016లో ప్రభువునందు నిద్రించారు. ఆయన కూర్చున్న మూలమీది హోటలు అంతకుముందే పోయింది. ఇప్పుడు ఆ రోడ్డుమీద తల ఎత్తితే మెట్రో వంతెన. కరోనా తరువాత చాలా హోటళ్ళలో కాగితపు కప్పులు వచ్చాయి. బయట నిలబడి తాగి చెత్తబుట్టలో వేసి వెళ్ళిపోతారు. శుభ్రతకు మంచిదే కావచ్చు. కాని అందులో చాయ్ మాకు సగమే చాయ్‌లా ఉంటుంది. అందుచేత, ఊళ్ళనుండి వచ్చేవారికి చెబుతున్నాము. ఇంకా పింగాణీ కప్పులు ఉన్న చోటు వెతకండి, లోపలికి వెళ్ళి కూర్చోండి, కప్పు, సాసరు అని అడగండి.

గత చలికాలం అక్కకు కళ్ళ పరీక్ష చేయించడానికి మేమిద్దరమూ తోడు వెళ్ళాము. మధ్యాహ్నం అయింది. ఇంటికి పోయి తిందామని అక్క అంటుండగానే ఒక ఇరానీ హోటలులోకి తీసుకుపోయాము. ఇప్పుడు పరదా లేదు, నడిమి బల్ల దగ్గరే కూర్చున్నాము. సమోసాల పళ్ళెం వచ్చింది, మూడు చాయ్‌లు వచ్చాయి. అక్క కప్పు ఎత్తి వెలుతురుకు పట్టి, ఇరవై ఏళ్ళుగా గిన్నెలు తోముతున్న మనిషి చూసే చూపుతో అంచు చుట్టూ చూసింది.

"అయ్యగారూ, వీళ్ళు సబ్బు సక్కగ పెడతలేరు" అంది. అని, చాయ్ సాసరులో పోసుకొని, ఊదుకుంటూ తాగి, ఇంకొక సమోసా తీసుకుంది.