పదకొండు కాగితాల చిట్టా

బ్లూ వాటర్ బ్రిడ్జి మీదికి ఎక్కేసరికి ఉదయం ఏడు కూడా కాలేదు. కింద సెయింట్ క్లెయిర్ నది. హ్యూరన్ సరస్సు నీళ్లన్నీ అక్కడే ఇరుకు దారిలో పడి వడివడిగా దక్షిణానికి పోతాయి. ఇవతలి ఒడ్డు మిషిగన్‌లోని పోర్ట్ హ్యూరన్, అవతలి ఒడ్డు కెనడాలోని సార్నియా. వంతెనలు రెండున్నాయి: 1938 నాటిది ఒకటి, దాని పక్కనే 1997లో కట్టినది ఇంకొకటి. మా ఆయన అద్దె ట్రక్కు నడుపుతున్నారు. నా ఒళ్లో ఒక ఫైలు, అందులో మా సామాను చిట్టా. పదకొండు కాగితాలు, రెండు ప్రతులు.

అది 2019 మే నెల. కెనడాలో విక్టోరియా డే సెలవులు వచ్చాయంటే అంటారియో రాష్ట్రంలో మూతపడ్డ కాటేజీలన్నీ తలుపులు తెరుస్తాయి. అంతకుముందు చలికాలంలోనే అక్కడి బేఫీల్డ్ దగ్గర, సరస్సు గట్టు మీద చిన్న చెక్క ఇల్లు కొన్నాం. డెట్రాయిట్ దగ్గర నోవైలోని మా ఇంటి నుంచి మూడు గంటల పైచిలుకు దారి. (2023 జనవరి నుంచి విదేశీయులు కెనడాలో ఇళ్లు కొనడం మీద నిషేధం వచ్చింది. పెద్ద ఊళ్లకు దూరంగా ఉండే ఇలాంటి ఇళ్లకు అది వర్తించదు. అయినా కొనబోయేవాళ్లు ముందు ఆ చట్టం చూసుకోవాలి.)

ఇల్లు కొన్నాక తెలిసింది, అసలు పని సామాను దగ్గరుందని. కెనడాలో నివాసం లేనివాళ్లు సెలవుల కోసం అక్కడ ఇల్లు కొన్నా, కనీసం మూడేళ్లకు లీజుకు తీసుకున్నా, ఆ ఇంటికి మొదటిసారి తెచ్చుకునే సామానుకు సుంకం, పన్ను వేయరు. మంచాలు, కుర్చీలు, వంటపాత్రలు, ఇల్లు బాగుచేసుకునే పనిముట్లు అన్నీ ఇందులోకి వస్తాయి. కానీ ఈ వెసులుబాటు ఒక్కసారే. ఆ రోజు ట్రక్కులో ఉన్నవే కాదు, తర్వాత తెచ్చుకోబోయేవి కూడా మొదటి రాకలోనే రాసి చూపించాలి. ఏడాది తిరగకుండా వాటిని అమ్మినా, ఇంకొకరికి ఇచ్చేసినా పన్ను కట్టాల్సి వస్తుంది.

అందుకే మూడు రాత్రులు కూర్చుని రాశాను. ప్రతి వస్తువుకూ వెల రాయాలి. మిషన్లయితే కంపెనీ పేరు, మోడల్, సీరియల్ నంబరు. ఇడ్లీల గ్రైండరును బోర్లించి టార్చిలైటు వేసి చూస్తే అడుగున నంబరు దొరికింది. మంచాలకూ టీవీకీ బిల్లులున్నాయి. చేయి ఆగిపోయింది అమ్మ వస్తువుల దగ్గర. అమలాపురంలో మా ఇల్లు అమ్మేసినప్పుడు ఓడలో తెప్పించుకున్న టేకు ఉయ్యాల బల్ల, దాని ఇత్తడి గొలుసులు, రెండు బిందెలు, ఒక గుండిగ. మధ్యాహ్నాలు అమ్మ ఆ బల్ల మీద పడుకుని ఒక కాలితో నేలను తన్నుతూ ఊగేది. బల్లకు ఒక మూల నునుపు తేలింది ఆమె తల ఆనించిన చోటే. దానికి ఎంతని రాయను?

"ఇవాళ అమ్మితే ఎంత వస్తుందో అంత రాయి చాలు" అన్నారు మా ఆయన. అమ్మ బల్ల పక్కన 'అమ్మితే' అనే మాట పెట్టి ఆలోచించడం నా వల్ల కాలేదు. ఆ గడి ఖాళీగా వదిలేసి పడుకున్నాను. తెల్లారి లేచి నాలుగు వందల డాలర్లు అని రాసేశాను.

వంతెన దిగాక కెనడా కస్టమ్స్ గేటు దగ్గర సంగతి చెప్పగానే ట్రక్కు పక్కన పెట్టి ఆఫీసు లోపలికి రమ్మన్నారు. ఇంటి దస్తావేజు చూశారు, బీఎస్ఎఫ్186 అనే ఫారం నింపించారు. నడివయసు ఆఫీసరమ్మ చిట్టాను వరసగా, పెన్ను మొన ఆనించి చదివింది. సీలింగ్ ఫ్యాన్ల దగ్గర ఆగింది. ఇంటికి శాశ్వతంగా బిగించే లైట్లు, ఫ్యాన్లు, కట్టుబడి సామాను ఈ మినహాయింపులోకి రావు. వాటికి సుంకం, పైన అమ్మకపు పన్ను కట్టాం. ఆ తర్వాత పెన్ను ఉయ్యాల మీద ఆగింది. ఇది కూడా ఇంటికి బిగించేదేనా అని అడిగింది.

నా గుండె జారింది. డబ్బు గురించి కాదు; ఆ బల్లను ఎవరైనా 'ఇది మీ ఇంటి సామాను కాదు' అంటారేమోనని. వరండా దూలాలకు కొక్కేలు ఇంతకుముందే ఉన్నాయని, ఈ గొలుసులు వాటికి తగిలిస్తామని, చలికాలం వస్తే తీసి లోపల పెడతామని చేతులతో చూపించి చెప్పాను. ఇది ఎవరిదని అడిగింది. మా అమ్మది అన్నాను. ఆ వరస పక్కన టిక్కు పెట్టి కింది వరసకు వెళ్లింది.

నోవైలో మా పెరట్లో ఎండిన యాష్ చెట్టు కొట్టించిన కట్టెలు మాత్రం బయల్దేరే ముందే ట్రక్కులోంచి దింపేశాం. ఆ చెట్లను తొలిచి చంపే పచ్చటి పురుగును 2002లో మొదట గుర్తించింది మా డెట్రాయిట్ చుట్టుపక్కలే. కట్టెలతోపాటే అది కొత్త చోట్లకు పాకుతుంది. అందుకే అనుమతి లేకుండా వంటచెరకు సరిహద్దు దాటనివ్వరు. అది సబబైన నిబంధన. చచ్చిన ఆ చెట్టును రోజూ చూసిన నాకు దాని మీద ఏ ఫిర్యాదూ లేదు.

సార్నియా నుంచి 402 రోడ్డు, తర్వాత ఉత్తరానికి 21. ఎడమచేతి వైపు చెట్ల సందుల్లో సరస్సు కనబడుతూ, దాక్కుంటూ వచ్చింది. మధ్యాహ్నానికి ఉయ్యాల కొక్కేలకెక్కింది. సాయంత్రం దాని మీద కూర్చుంటే సూర్యుడు నీళ్ల అవతల, మిషిగన్ వైపు దిగాడు.

జులైలో రెండోసారి వెళ్లినప్పుడు, తర్వాత తెస్తామని రాసినవన్నీ ముద్ర పడ్డ కాగితం చూపించగానే దాటిపోయాయి. ఒక్కటి తప్ప. అమ్మ పచ్చళ్లు నూరిన చిన్న రాతి రోలు. నోవైలో పెరటి కుళాయి కింద బోర్లించి, మీద పూలకుండీ పెట్టి ఉండటంతో చిట్టా రాసేటప్పుడు నా కంట పడలేదు. తప్పు నాదే. నలభై డాలర్లని వెల చెప్పి పన్ను కట్టాం, ఐదు డాలర్ల చిల్లర అయింది. ఆ రాత్రి అందులోనే కొబ్బరి పచ్చడి నూరాను.

రసీదును వంటింటి సొరుగులో ఆ పదకొండు కాగితాల కింద దాచాను. అమ్మ వస్తువుల్లో బిల్లు ఉన్నది ఆ రోలు ఒక్కదానికే.