వెలుగును చదువుట

విద్య యేదైనను గురుముఖమున నేర్చినదాని రుచి వేరు. పుస్తకము సూత్రమును చెప్పును. దానిని ఎప్పుడు పాటింపవలెనో, ఎప్పుడు ప్రక్కకు పెట్టవలెనో చెప్పుటకు అనుభవశాలి కావలెను. చలనచిత్ర ఛాయాగ్రహణము నేర్చిన రోజులలో మాకు కలిగిన యనుభవమును ఈ సంచిక పాఠకులతో పంచుకొనుచున్నాము.

మా కుటుంబము మూడు తరములుగా చెన్నపట్టణమున, చింతాద్రిపేటలో స్థిరపడినది. ఇంట తెలుగు, బడిలో తమిళము. 1964లో కోడంబాకమునందలి యొక స్టూడియోలో, తెలుగు ఛాయాగ్రాహకులొకరి వద్ద శిష్యులుగా చేరితిమి. వారు గోదావరి తీరమువారు. అప్పటికి ఇరువదియేండ్లుగా కెమేరా వెనుక నిలిచినవారు. చేరిననాడే కెమేరా పట్టుకొందుమని ఉవ్విళ్ళూరితిమి. వారు మాత్రము మూడు నెలలపాటు దానిని తుడువనైనను ఇయ్యలేదు.

"ముందు మీ వసారాలో కూర్చుని మీ అమ్మగారి ముఖము చూడవోయి. ప్రొద్దుట వెలుగు ఏ చెంపపై పడినది, మధ్యాహ్నము కనుల క్రింద నీడ యెంత దిగినది, సందెవేళ దీపము పెట్టిన పిదప ఏమైనది, అంతయు వ్రాసికొని రా" అనిరి. తెలుగులోనే వ్రాయవలెనని ఆజ్ఞ. మాకు తెలుగు మాటలాడుట వచ్చును గాని వ్రాత రాదు. అమ్మ వద్ద అక్షరములు దిద్దుకొని ఎట్లో ఒక పుట వ్రాసితిమి. గురువుగారు ఎఱ్ఱసిరాతో దిద్ది యిచ్చిరి. వెలుగును గూర్చిన తప్పులు రెండు, అక్షరదోషములు పదునేడు!

దీపమును రెట్టింపు దూరమునకు జరిపినచో వెలుగు సగమగునని మేమనుకొంటిమి. వారు వాదింపలేదు. నాలుగడుగుల దూరముననున్న చిన్న బల్బును ఎనిమిదడుగులకు జరిపించి, మీటరు మా చేతికిచ్చిరి. సగము కాదు, నాలుగవవంతే మిగిలినది. మునుపటి వెలుగు ఫిల్మునకు అందవలెనన్న లెన్సు ద్వారమును 5.6 నుండి 2.8 వరకు తెరువవలెను. ఆనాడు చేతితో తెలిసికొన్నది నేటికిని మరువలేదు.

1957 నాటి "మాయాబజార్" మరల ఆడుచుండగా మమ్ము వెంటబెట్టుకొని పోయిరి. దాని ఛాయాగ్రాహకులు మార్కస్ బార్ట్లేగారు. "కథ నీకు తెలిసినదే. నేడు నీడలు మాత్రము చూడుము" అనిరి. తిరిగివచ్చుచు దారిలో చెప్పిన మాట యిది: "వెన్నెల యనగా చీకటి కాదు బాబూ. వెనుకనుండి వచ్చిన వెలుగు తలకట్టును, భుజమును అంచుగా తాకవలెను. ముఖము నీడలోనున్నను కన్ను కనబడవలెను. దీపము పెట్టినట్లు చూచువానికి తోచినచో మన పని చెడినట్లే."

తరువాత ఒకనాడు మా వలన పెద్ద తప్పు జరిగినది. చిత్రీకరణ ముగిసిన నాలుగువందల అడుగుల ఫిల్మును చీకటిగదిలో డబ్బాకెక్కింపవలసియుండగా, తలుపు సరిగా మూయకయే మ్యాగజైను తెరచితిమి. తెరపై నాలుగున్నర నిమిషములు కూడ నిలువని చుట్ట. కాని యా దృశ్యమునందు నటించిన కళాకారిణి మరునాడు ఊరు విడచి పోవలసియున్నది. నిర్మాత కేకలు వేయుచు వచ్చెను. గురువుగారు మా ముందునకు వచ్చి నిలిచి, "పిల్లవాని చేతికిచ్చినది నేను. తప్పు నాది. ఈ రాత్రియే తిరిగి తీసెదము" అనిరి. ఆ రాత్రి రెండు గంటల వరకు పని జరిగినది. మమ్ము ఒక్క మాట యనలేదు. తెల్లవారి యా చెడిన చుట్టనే మా చేతికిచ్చి, కన్నులకు తువాలు కట్టి, "ఎక్కించుము, దింపుము" అనిరి. నెలరోజులు అదే సాధన. తిట్టినచో నాలుగు దినములలో మరచియుందుము.

నేడు ఫిల్ము చుట్టలు అరుదు. పట్టినది పట్టినట్లే తెరపై కనబడుచున్నది. మరునాటి ప్రింటు కొరకు గుండె చేతబట్టుకొని వేచియుండ నక్కరలేదు. "మాయాబజార్"నకు సైతము 2010లో రంగులద్ది విడుదల చేసిరి. యంత్రములు మారినందుకు మాకు విచారము లేదు. అయినను అమ్మ ముఖముపై సందెవెలుగు ఎట్లు పడునో చూడనేర్వని కంటికి ఏ యంత్రమును తోడు రాదు.

గురువుగారు గతించి చాల కాలమైనది. ఎఱ్ఱసిరా దిద్దుబాట్లతోనున్న ఆ నోటుపుస్తకము మా బీరువాలో భద్రముగానున్నది. మొన్న మా మనుమడు దానిని తీసి, "తాతా, ఇందులో ఏమున్నది?" అని యడిగెను. వానికి తెలుగు చదువ రాదు. మొదటి పుట మేము చదివి వినిపించితిమి. రెండవ పుట వాడే చదువవలెనని చెప్పి, పలక తెప్పించి, నిన్ననే "అ" దిద్దించితిమి.